ఒక పేరు, రెండు దారులు

మొదటి కృతికి మెప్పు లభించినవానికి రెండవ కృతి పరీక్ష వంటిది. మెచ్చినవారు మరల నదియే కావలెనందురు. మెచ్చనివారు మొదటిది కాకతాళీయమని చాటుటకు కాచుకొని యుందురు. ఈ పరీక్షకు నిలిచినవారిలో అమెరికా దేశమున జార్జియా రాష్ట్రములోని అట్లాంటా నగరపు యువకు లిద్దఱు కలరు. వారు ఆండ్రే బెంజమిన్, ఆంట్వాన్ పాటన్. లోకము వారిని ఆండ్రే త్రీ థౌజండ్, బిగ్ బోయ్ అని యెఱుగును. జంట పేరు ఔట్‌కాస్ట్, అనగా వెలివేయబడినవాడు. వారి రెండవ ఆల్బము ‘ఏటీఎలియన్స్’ 1996 ఆగస్టు 27వ తేదీన వెలువడెను. అప్పటికి ఇద్దఱికిని ఇరువదియొక్క యేండ్లే.

హిప్ హాప్ అన్న మాట వినబడగానే మన యిండ్లలో పెద్దలు తలుపు మూయింతురు. పిల్లలు తలుపు వెనుక వినుచునే యుందురు. మూయించుటకంటె విని విమర్శించుటయే మేలని తలచి, మేము మా యింటి చిన్నవారితో కూర్చుండి దీనిని మొదటినుండి తుదివఱకు వింటిమి. ఈ కళ 1973 ప్రాంతమున న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో, బీదలైన నల్లజాతి యువకుల నడుమ పుట్టినది. పాత రికార్డులోని తాళభాగమును మరల మరల త్రిప్పుచు, దానిపై ప్రాసలు కూర్చిన పలుకును లయ తప్పక నడుపుట దీని పద్ధతి.

పుట్టినిల్లు న్యూయార్కగుటచే ఆ నగరమువారికి దక్షిణాదివారి పలుకన్న చులకన. 1994లో ఔట్‌కాస్ట్ మొదటి ఆల్బము జయము నొందెను. మఱుసటి యేడు ఆగస్టులో న్యూయార్కున జరిగిన సోర్స్ పురస్కారసభలో వీరికి నూతన బృందమునకిచ్చు బహుమానము రాగా, సభలోనివారు పలువురు ఈలలు వేసి గేలిచేసిరి. ఆండ్రే వారిని తిట్టలేదు. దక్షిణాదికిని చెప్పవలసినది కలదని యొక్క వాక్యము పలికి దిగిపోయెను. ఆ చెప్పవలసినదే యీ రెండవ ఆల్బము. తమ నగరపు పొట్టిపేరును, అన్యగ్రహవాసి యను నర్థముగల ‘ఏలియన్’ పదమును కలిపి దానికి పేరు పెట్టిరి. మమ్ము పరాయివారంటిరి గదా, అట్లే కానిండని అవమానమునే బిరుదుగా ధరించిరి.

మార్పు పేరుతో ఆగలేదు. మొదటి ఆల్బము బాణీలు కట్టిన ఆర్గనైజ్డ్ నాయిజ్ బృందమువారు దీనిలోను పనిచేసిరి గాని, కొన్ని పాటలకు ఈ యిద్దఱే స్వయముగా బాణీలు కట్టిరి. అందొకటి ‘ఎలివేటర్స్’. పాత పరిచయస్థు డొకడు ఎదురై, నీవు కోటీశ్వరుడవైతివని మురియగా, జనులు నా పాటకు అడుగు కదపనినాడు నాకును కూడు లేదని గాయకుడందు బదులు చెప్పును. కీర్తి విలువ నింత నిబ్బరముగా లెక్కగట్టిన యువకులు అరుదు. ఇంకొక పాటలో మద్దెల మ్రోతయే లేదు. తాళమే ప్రాణమైన కళలో తాళమును విడుచుటకు ధైర్యము కావలెను.

అన్నిటికంటె మమ్ము నాకర్షించినది వేఱొకటి. రెండు ఆల్బముల నడుమ ఆండ్రే మద్యమును, ధూమపానమును, మాంసమును విడిచెను, తలపాగా ధరించెను. బిగ్ బోయ్ ఆ వ్రతము పట్టలేదు. అయినను ఒకే పాటలో ఒకరి చరణము వెంట ఒకరి చరణము నడచును. మాఱినవాడు మాఱనివానిని నిందింపలేదు. మాఱనివాడు మాఱినవానిని వెక్కిరింపలేదు.

మా బంధువులలో అన్నదమ్ము లిద్దఱు కలరు. తమ్ముడు త్రాగుడు మానెను, మేమందఱము సంతసించితిమి. పిమ్మట అతడు అన్నతో నొకే పంక్తిని కూర్చుండుట మానెను. ముదుసలి తల్లి యిద్దఱికి వేర్వేఱు వేళల వడ్డించుచున్నది. అన్న త్రాగుడు తగ్గలేదు. తల్లి శ్రమ మాత్రము రెట్టింపయ్యెను. సంస్కారము పేర ఇంటిని రెండు వంటిళ్లు చేయువారిని తలచినపుడెల్ల మాకు ఆ జంట పాట చెవిని మ్రోగును.

ఈ పాటలలో బూతుమాటలు లేవా యని కొంద ఱడుగుదురు. కలవు. స్త్రీలను గూర్చి మేమొప్పుకొనని పలుకులును కలవు. వానిని మా చిన్నవారి యెదుటనే ఖండించితిమి. మూసిన తలుపు వెనుక ఆ ఖండన జరుగదు గదా! లోపమున్నదని గుణమును పాఱవేయుట వివేకము కాదు.

ఈ ఆల్బము అమెరికా దేశపు అమ్మకముల పట్టికలో రెండవ స్థానమున అడుగిడెను. 1998లో వచ్చిన మూడవదానికి ‘అక్వెమినై’ అని పేరు. అది బిగ్ బోయ్ జన్మరాశి యగు కుంభమును, ఆండ్రే రాశి యగు మిథునమును కలిపి చేసిన మాట. 2003లో చెఱియొక డిస్కును వేఱువేఱుగా నిర్మించి, రెంటిని ఒకే పేర విడుదల చేసిరి. దానికి మఱుసటి యేడు గ్రామీ పురస్కారములలో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమను గౌరవము దక్కెను. 2006 తరువాత వారు కలిసి ఆల్బము చేయలేదు. అయినను 2025లో రాక్ అండ్ రోల్ ప్రముఖుల మందిరమున చేరినది ఆ యుమ్మడి పేరే.

మంచి దారి పట్టినవాడు ఒంటరిగా నడువనక్కఱలేదు. ప్రక్కవాని అడుగు వేఱైనను తాళము కలిసిన చాలును.