బల్లమీద యుద్ధం

రేగొండ చుట్టుపక్కల పల్లెల్లో ఏ పిల్లాడికైనా మొదటి బండి తాటిముంజెలదే. ముంజెలు జుర్రేశాక మిగిలిన రెండు కాయల మధ్య ఓ పుల్ల గుచ్చి, దానికో పంగలకర్ర తగిలిస్తే చాలు... ఊరంతా చుట్టొచ్చే వాహనం తయారు! ఎండాకాలం దాటేసరికి ఆ బండి కాస్తా ఎండి ముడుచుకుపోయి ఏ పెంటకుప్ప మీదో కనిపిస్తుంది. తర్వాతిది జాతర బండి. కొడవటంచ నరసింహస్వామి జాతరలోనో, రెండేళ్లకోసారి వచ్చే మేడారంలోనో నాన్న వేలు పట్టుకుని ఏడ్చి సాధించుకున్న ప్లాస్టిక్ జీపు, కీ ఇస్తే కదిలే ట్యాంకు. దాని ఆయుష్షు చాలాసార్లు ఇల్లు చేరేవరకే.

చాలామందికి ఆ ముచ్చట అక్కడితో తీరిపోతుంది. కొందరికి మాత్రం తీరదు. మీసాలొచ్చి, ఉద్యోగమొచ్చి, పిల్లలు పుట్టాక కూడా చిన్న ట్యాంకు కనిపిస్తే వాళ్ల చెయ్యి ఆగదు. కొంటారు. రంగులేస్తారు. పెట్టెలో దూది పరిచి దాస్తారు. సెలవురోజు బల్లమీద పరిచి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి ఎప్పుడో జరిగిపోయిన యుద్ధాన్ని మళ్లీ ఆడతారు. చూసేవాళ్లు ‘పిల్లలాటేమిటి ఈ వయసులో’ అని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ ఆటకున్న చరిత్ర చిన్నదేం కాదు.

ఏనుగు నుంచి ట్యాంకు దాకా

బల్లమీద యుద్ధం చేయడం మనవాళ్లకు కొత్తా? చతురంగమంటేనే నాలుగంగాల సేన. రథ, గజ, తురగ, పదాతులను గళ్ల మీద నిలబెట్టి ఆడిన దేశం మనది. ప్రష్యా సైన్యంలో రైస్‌విట్స్ అనే అధికారి 1824లో అసలైన పటాల మీద, పాచికలతో, కొలతలతో ఆడే యుద్ధక్రీడను తీర్చిదిద్దాడు. సైనికాధికారులకు అది పాఠమైంది. ఇంగ్లండులో బ్రిటన్ కంపెనీ 1893లో లోపల బోలుగా ఉండే సీసం సైనికులను పోతపోయడం మొదలుపెట్టింది. బరువు తగ్గింది, ధరా తగ్గింది. రాజుగారి కొడుకులు ఆడుకునే బొమ్మలు గుమాస్తా ఇంటికీ వచ్చాయి.

కాలయంత్రం కథ రాసిన హెచ్.జి.వెల్స్ గుర్తున్నాడు కదా! ఆయన 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో ఈ ఆటకు నియమాలు రాశాడు. నేలమీద కూర్చుని, పుస్తకాలను కొండలుగా పేర్చి, చిన్న స్ప్రింగు ఫిరంగితో సీసం సైనికులను పడగొట్టే ఆట. అంత సరదాగా రాసిన మనిషి చివరకు చెప్పిందేమిటంటే... ఈ చిన్న యుద్ధాన్ని నాలుగుసార్లు ఆడినవాడికి పెద్ద యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలిసొస్తుందని. ఆ మాట వినాల్సినవాళ్లు వినలేదు. ఏడాది తిరిగేసరికి మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. అందులోనే, 1916లో, ట్యాంకు పుట్టింది. ఆ తర్వాత బొమ్మల పెట్టెలో గుర్రాలు వెనక్కి జరిగాయి. ట్యాంకులు ముందుకొచ్చాయి. 1962లో ఈ క్రీడ మీద పుస్తకం రాసి వేలమందికి పిచ్చి ఎక్కించిన డొనాల్డ్ ఫెదర్‌స్టోన్, రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసినవాడే.

మక్కు, సున్నం, రంగు

ఈ బొమ్మలకు లెక్కలుంటాయి. షెర్మన్ ట్యాంకునే తీసుకోండి. అసలుది దాదాపు 5.8 మీటర్ల పొడవు, 30 టన్నుల బరువు. దాన్ని 72వ వంతుకు తగ్గిస్తే 8 సెంటీమీటర్లు, అంటే అరచేతిలో సరిపోతుంది. 100వ వంతైతే 6 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. 285వ వంతుకు దించితే 2 సెంటీమీటర్లే... చింతగింజ కన్నా కొంచెం పెద్దది! ఏ కొలత మొదలుపెడితే ఆ కొలతకే కట్టుబడాలి. లేకపోతే ట్యాంకు పక్కన నిలబడ్డ సైనికుడు దానికంటే ఎత్తుగా కనిపిస్తాడు.

బల్ల దగ్గరా ఇదే చిక్కు. 72వ వంతు లెక్కన ఒక కిలోమీటరు పొలాన్ని పరచాలంటే దాదాపు 14 మీటర్ల బల్ల కావాలి. ఏ ఇంట్లో ఉంటుంది? అందుకే బొమ్మకో కొలత, నేలకో కొలత పెట్టుకుంటారు. కొండలు థర్మోకోల్‌వి, పొదలు గిన్నెలు తోమే పచ్చ పీచువి, ప్రహరీలు పాత పెళ్లిపత్రికల అట్టలవి. ఇంట్లో పారేసే వస్తువంటూ ఉండదు.

ఇక రంగుల పని. కొండపల్లి బొమ్మ తయారీ చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. అక్కడ తెల్లపొణికి చెక్కను చెక్కి, ముక్కలను అతికి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో సందులు పూడ్చి, సున్నం పూసి, ఆరాక రంగులు వేస్తారు. ట్యాంకు బొమ్మకూ అదే వరస. ముక్కలను ఫ్రేము నుంచి కత్తిరించి, గరుకు కాగితంతో అంచులు రుద్ది, అతికి, సందులకు పుట్టీ పెడతారు. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి ప్రైమరు పూస్తారు. అది లేకుండా రంగేస్తే వేలు తగలగానే ఊడొస్తుంది. ఆపైన అసలు రంగు, పలచగా రెండుసార్లు. ఒక్కసారి దట్టంగా పూస్తే మేకుల తలలు, కీళ్లు అన్నీ పూడిపోయి ట్యాంకు కాస్తా సబ్బుబిళ్ల అవుతుంది.

అసలు కిటుకులు ఆ తర్వాతే ఉన్నాయి. నల్లటి రంగును నీళ్లలా పలచన చేసి పూస్తే అది గాడుల్లోకి జారి నీడలా నిలబడుతుంది. కుంచెను లేతరంగులో ముంచి, గుడ్డకు తుడిచేసి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు అంచుల మీద ఆడిస్తే ఎండ పడ్డట్టు మెరుస్తుంది. ఇంకో సంగతి... అసలు ట్యాంకు రంగు డబ్బాలో ఎలా ఉందో అలాగే బొమ్మకు వేస్తే మరీ ముదురుగా కనిపిస్తుంది. బొమ్మ చిన్నదయ్యే కొద్దీ రంగు లేతగా ఉండాలి. ఆఖరున దుమ్ము. పట్టాల మీద, చక్రాల మీద ఆ యుద్ధం జరిగిన నేల రంగు పడాలి. మరాఠ్వాడా దారిలో కదిలిన ట్యాంకుకు నల్లరేగడి బురద. మన చెల్క నేలల్లో నడిచిన బండికి ఎర్రదుమ్ము. రేగొండ మనిషికి ఈ తేడా పుస్తకం చూసి నేర్చుకునే పనిలేదు, చెప్పులకు అంటుకున్నది చూస్తే చాలు!

పాచికల న్యాయం

రేగొండ దగ్గరి పాండవుల గుట్టలో పాండవులు తలదాచుకున్నారని చుట్టుపక్కలవాళ్ల నమ్మకం. ఆ రాతిపడగల కింద ఎప్పటివో బొమ్మలున్నాయి. దున్నలు, దుప్పులు, పులులతో పాటు విల్లంబులు, కత్తులు, బల్లేలు. ఆయుధాన్ని చూసి, దాన్ని చిన్నది చేసి, రంగులో నిలబెట్టాలన్న కోరిక ఈ గడ్డమీద ఎంత పాతదో ఆ గుట్టను అడగాలి. పాండవులను అడవుల పాలు చేసినవీ పాచికలే కదా! ఈ ఆటలోనూ పాచికలే పెద్దమనిషి. గుండు తగిలిందా, కవచం ఆపిందా, దెబ్బతిన్న దళం నిలబడిందా, పారిపోయిందా... అన్నీ అవే తేలుస్తాయి. వాటి మాట వినకపోతే ఏమవుతుందో చెప్పడానికి శకుని దాకా పోనక్కర్లేదు.

1942 మే నెలలో జపాన్ నౌకాదళం మిడ్‌వే దాడికి ముందు బల్లమీద ఆడి చూసుకుంది. పాచికల లెక్క ప్రకారం అమెరికా విమానాల దెబ్బకు జపాన్ విమానవాహక నౌకలు రెండు మునిగాయి. ఆటకు పెద్దగా ఉన్న అడ్మిరల్ ఉగాకి ఒప్పుకోలేదు. దెబ్బలు తగ్గించి లెక్క మార్చేశాడు. జూన్‌లో అసలు యుద్ధంలో మునిగినవి నాలుగు! అదే ఏడాది ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్, నౌకాదళంలో చేరిన కొందరు యువతులు ఒక గది నేలమీద బొమ్మ ఓడలు జరుపుతూ జర్మన్ జలాంతర్గాములు దొంగదెబ్బ ఎలా తీస్తున్నాయో కనిపెట్టారు. అవి ఓడల వరసల మధ్యకే చొరబడి కొడుతున్నాయని తేల్చి, విరుగుడు ఎత్తు నేర్పారు. సముద్రంలో ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఆట ఒకటే. ఒకచోట నిజం చెప్పనిచ్చారు, ఇంకోచోట నోరు నొక్కారు.

సూర్యాపేట వంతెన

ఈ సరదా ఉన్నవాళ్లు ఎక్కువగా యూరప్ యుద్ధాలే ఆడతారు. పుస్తకాలు, బొమ్మలు, సినిమాలు అన్నీ వాటివే మరి. కానీ మనకు దగ్గరి యుద్ధాలు లేవా? 1948 సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరి నాయకత్వంలో భారత సైన్యం షోలాపూర్ వైపు నుంచి హైదరాబాద్ రాజ్యంలోకి కదిలింది. షెర్మన్ ట్యాంకులున్న ఆ ఒకటో సాయుధ డివిజన్ గుర్తు ఏనుగు, పేరు ఐరావతం. చదరంగంలో ఏనుగు మళ్లీ ఈ రూపంలో వచ్చిందన్నమాట! విజయవాడ వైపు నుంచి మరో దండు వచ్చింది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. 18న నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు.

ఫలితం తెలిసిన ఏకపక్షపు పోరును ఆడేదెలా? గెలుపు అర్థం మారుస్తారు. నిజాం వైపు ఆడేవాడు అసలు చరిత్రకన్నా ఒక్కరోజు ఎక్కువ నిలబడితే అతడే గెలిచినట్టు. అప్పుడు సూర్యాపేట దగ్గర మూసీ వంతెన ముఖ్యమవుతుంది. వెనక్కి తగ్గుతూ నిజాం సైనికులు దాన్ని కూల్చారు. కానీ అక్కడ కాపలాగా తుపాకులు పెట్టలేదు. భారత సైన్యం త్వరగానే బాగుచేసుకుని దాటింది. అడ్డంకి పెట్టి దాన్ని కాచేవాణ్ని పెట్టకపోతే అది అడ్డంకే కాదు... ఈ ముక్క పుస్తకంలో చదివితే మర్చిపోతారు. బల్లమీద ఓడిపోయినవాడు జన్మలో మర్చిపోడు.

ఆ నిజాం సైన్యంలోనే హైదరాబాద్ లాన్సర్స్‌లో పనిచేసిన ఓ యువ అధికారి తర్వాత భారత సైన్యంలో పూనా హార్స్‌కు వచ్చాడు. 1965లో ఫిలోరా దగ్గర గాయపడి కూడా సెంచూరియన్ ట్యాంకు దిగకుండా పోరాడి, సెప్టెంబరు 16న అమరుడై పరమవీర చక్ర పొందిన లెఫ్టినెంట్ కల్నల్ ఏ.బి.తారాపూర్ ఆయనే. ఒక సెంచూరియన్ బొమ్మకు రంగేసేవాడు ఈ కథ తెలిశాక ఆ బొమ్మను మునుపటిలా చూడలేడు.

బల్లమీద పట్టనివి

రేగొండ నుంచి పరకాల ఎంతో దూరం లేదు. అక్కడ 1947 సెప్టెంబరు 2న జెండా ఎగరేయడానికి కదిలిన జనంపై కాల్పులు జరిగాయి. ఆ పడిపోయినవాళ్ల గుర్తుగా కట్టిందే అమరధామం. రజాకార్ల దాడులు, ఊళ్ల మంటలు ఈ ప్రాంతపు ముసలివాళ్లు చెప్పగా విన్న ఇళ్లు ఎన్నో. పోలీసు చర్య సమయంలోనూ, ఆ తర్వాతా చెలరేగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ సంఘం అంచనా వేసింది. ఆ నివేదిక జనం ముందుకొచ్చింది 2013లో. వీళ్లెవరికీ బల్లమీద బొమ్మలుండవు. ట్యాంకుకు, ఫిరంగికి, వంతెనకు కొలత ఉంది. బావి దగ్గర పరుగెత్తిన తల్లికి ఏ కొలత?

అందుకే ఈ ఆటను మనసుపెట్టి ఆడేవాళ్లు కొన్ని గీతలు గీసుకుంటారు. సైన్యానికి సైన్యం ఎదురుపడ్డచోటే ఆడతారు. ఊళ్లను దోచిన చోట ఆడరు. జర్మన్ టైగర్ ట్యాంకు ఎంత అందంగా కుదిరినా, అది ఎవరి కోసం కదిలిందో పక్కనున్న పిల్లలకు చెప్పకుండా పెట్టె మూయరు. చరిత్రలో ఇష్టమైన భాగానికే రంగేసి మిగతాది వదిలేస్తే అది సరదా కాదు, అబద్ధం.

ఇంకో మేలూ ఉంది. తుపాకీ ఆట ఫోన్లో ఆడే పిల్లాడికి ట్యాంకు పేలితే మరుక్షణం ఇంకోటి వస్తుంది. వారం రోజులు కళ్లు చికిలించుకుని ట్యాంకుకు రంగేసినవాడి సంగతి వేరు. మేకు మేకుకూ నీడ దిద్ది, పట్టాకు బురద అంటించి, నంబరు రాసి బల్లమీద పెడతాడు. మొదటి ఎత్తులోనే ఎదుటివాడి పాచిక ఆరు పడుతుంది. వారం పని అరక్షణంలో బల్ల దిగుతుంది. అప్పుడు ఏ పుస్తకమూ చెప్పకుండానే ఒక లెక్క గుర్తొస్తుంది. మూత వేసి ఉంది కాబట్టి బొమ్మలో కనిపించలేదు గానీ, అసలు షెర్మన్‌లో ఉండేది అయిదుగురు.