అమ్మీ వుజూ నీళ్లు

డిసెంబరులో కూడా అమ్మీ ఫజర్‌కి చన్నీళ్లతోనే వుజూ చేసుకునేది. వేళ్లు కొంకర్లు పోతున్నా "ఆదత్ అయిపోయింది బేటా" అనేది. ఉక్కునగరం క్వార్టర్ పెరట్లో అబ్బా కట్టెలేసి కాచిన రాగి బాయిలర్‌ని ఈ గాజువాక ఫ్లాట్‌లో ఎక్కడ పెడతాం? ఇప్పుడున్నది ముగ్గురమే.

దుకాణంలో 25 లీటర్ల గీజరే తీసుకోమని జిద్దు చేశారు. 3 లీటర్లది సస్తానే, కానీ బకెట్ నిండేదాకా సబర్ కావాలి. ఇంట్లో మష్వరా చేసుకుని 15 లీటర్లది తెచ్చాం. 2 కిలోవాట్లది, 20 నిమిషాల్లో కాగుతుంది, ముప్పావు యూనిట్ లోపే. మాది బోరు నీళ్లు, గార కడుతుంది. లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిందేమో అప్పుడప్పుడు చూపించుకోవాలి.

"ఫిజూల్ ఖర్చు" అంది అమ్మీ. మర్నాడు ఫజర్‌కి వుజూ చేసుకుని వచ్చి, చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వేణ్ణీళ్లే గానీ, మీ అబ్బా కాచిన పొగ వాసన లేదు బేటా."