సోలను శాసనమును మన కట్నములును

గ్రీసుదేశపు శాసనకర్తలలో సోలనువలె మా మనస్సు నాకర్షించినవాడు మఱియొకడు లేడు. క్రీస్తునకు పూర్వము 594వ సంవత్సరమున ఏథెన్సు ప్రజలు ఆయనకు అధికార మిచ్చిరి. అప్పటికి అచ్చటి బీదరైతు తన దేహమునే కుదువపెట్టి అప్పు తెచ్చుకొనుచుండెను; తీర్చలేనివాడు దాసుడగుచుండెను; కొందఱు పరదేశములకు అమ్ముడుపోయిరి. సోలను పొలములలోని తాకట్టురాళ్లను పెఱికించి, దేహముమీది అప్పును నిషేధించెను. గ్రీకులు దీనికి ‘బరువు దులుపుట’ యని పేరిడిరి.

సూర్యాపేటలో పుట్టిపెరిగిన మాకిది పరదేశపుకథగా తోచదు. నిజాముపాలనలో ఈ తాలూకాలయందు వెట్టి యుండెను. తండ్రి చేసిన అప్పునకు కొడుకు పాలేరుగా నుండు భగేలాయు నుండెను. 1976 నాటి చట్టము తాను రద్దుచేసిన పద్ధతులలో భగేలాను పేరెత్తి చెప్పినది. సోలనుకును దీనికిని నడుమ రెండువేల యైదువందల యేండ్లకు పైమాటే!

అయితే మే మిచ్చట వ్రాయదలచినది ప్లూటార్కు చెప్పిన మఱియొక చిన్న శాసనమును గూర్చి. వధువు మూడు జతల బట్టలును, కొద్దివెలగల కొన్ని సామానులును దప్ప అత్తవారింటికి కొనిపోరాదని సోలను విధించెనట. వివాహము బేరము కారాదని ఆయన తలంపు. మన 1961 నాటి వరకట్న నిషేధచట్టమును ఇచ్చువానిని, పుచ్చుకొనువానిని ఇరువురను నేరస్థులనియే చెప్పుచున్నది. చట్టములు సాలెగూళ్లవంటివి, బలహీనులే చిక్కుకొందురు, ధనికులు తెంచుకొని పోవుదురని అనాకార్సిసు సోలనును పరిహసించెనట. ఈ గూటిలో ఈగయు చిక్కుట మేము చూడలేదు.

నాగార్జునసాగరు ఎడమకాలువ వచ్చినది మొదలు కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములు వరితో పచ్చబడినవి. మిర్యాలగూడ బియ్యపుమిల్లులు పేరొందినవి. ఎకరము వెల పెరిగినకొలది వరుని వెలయు పెరిగినది. కాలువనీటికైన వంతు లున్నవి, దీనికి లేవు.

గతవేసవిలో కోదాడ దాపుననుండి మా పూర్వశిష్యుడొకడు కాగితములతో వచ్చెను. కూతురి కట్నమునకై కాలువక్రింది రెండెకరములు అమ్ముచున్నాడు. మేము సాక్షిసంతకము చేయవలెనట. 2005 నాటి సవరణచేత పిత్రార్జితమున కూతురికి కొడుకుతో సమానమైన హక్కు కలదనియు, ఆ భూమిలో నొక యెకరము పిల్లపేరనే వ్రాయుమనియు చెప్పితిమి.

“భూమి వాళ్లకెందుకు సారూ, కారు కావాల్నంట. మీరు పెట్టకుంటె ఇంకొకలు పెడ్తరు. పిల్ల పెండ్లి ఆగుతదా?” అనెను.

మేము సంతకము చేయలేదు. అతడు చెప్పినట్లే వేఱొకరు చేసిరి. పెండ్లికి మమ్ము పిలిచెను, పోతిమి. ఆ పిల్ల పీటలమీద తలవంచుకొని కూర్చుండగా, వెలుపల క్రొత్తకారు చుట్టు బాలురు మూగియుండిరి.

ఇంటికి రాగానే మా యింటివారు, “పరులకు చెప్పితిరి. మన పిల్లకు మిర్యాలగూడనుండి వచ్చిన సంబంధము మాటేమి?” అని యడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఆ వరునివారు మర్యాదస్థులు. తమకేమియు వలదనియు, మా పిల్లకు మేము పెట్టుకొన్నదే చాలుననియు చెప్పిరి. ఆ ‘పెట్టుకొన్నది’ యెంతయో మధ్యవర్తి వేఱుగా చెప్పెను.

ఆ రాత్రియే వారికి జాబు వ్రాసితిమి: బట్టలు, వంటపాత్రలు, పిల్ల చదివిన పుస్తకములు ఇత్తుము, మా యనంతరము ఇంటిలో దాని భాగము దానిదే, ఇంతకుమించి యేమియు లేదు. మా యింటివారు చదివి, పుస్తకముల మాట కొట్టివేయుమనిరి, నవ్వుదురేమో యని. అమ్మాయి వలదనెను. అట్లే పంపితిమి. పదునెనిమిది దినములైనది, ప్రత్యుత్తరము లేదు.