చింతపండుతో తోమిన డబ్బు

ప్రతి వారం మేము మీకు ఏదో ఒకటి నేర్పాలని రాస్తుంటాం. ఈ వారం మేము నేర్చుకున్నది రాస్తున్నాం. కొంచెం సిగ్గుతోనే రాస్తున్నాం.

మన సంఘంలో భర్తను పోగొట్టుకున్న ఒక పెద్దమ్మ ఉంది. ఆమె అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాం కానీ పేరు చెప్పడం లేదు. ఆమె భర్త హైదరాబాదులో మేస్త్రీ పని చేసేవాడు. ఒకసారి తార్నాకలో పని జరుగుతున్నప్పుడు, పాత సామాను అమ్మేవాడి దగ్గర ఒక ఇత్తడి చెంబు, దానితోపాటు చిన్న చెక్కపెట్టె కొన్నాడట. ఆ పెట్టెలో ఒక రాగి నాణెం ఉంది. ఆయన బ్రతికినంత కాలం అది అటక మీదే ఉండిపోయింది.

ఈమధ్య ఆమె మనవడు ఫోనులో ఒక వీడియో చూశాడు. పాత కంపెనీ నాణెం ఇంట్లో ఉంటే లక్షలు వస్తాయని అందులో చెప్పారు. ఆ పిల్లవాడు అక్కడిచ్చిన నంబరుకు ఫోటో పంపాడు. వెంటనే ఫోను వచ్చింది. అవతల మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. నాణేనికి ఎనిమిది లక్షలు వస్తాయన్నాడు, కొనేవాళ్ళు విదేశాల్లో ఉన్నారన్నాడు. రిజిస్ట్రేషన్ కోసం ముందుగా 6,500 రూపాయలు పంపమన్నాడు. నాణెం మసకగా ఉంది, శుభ్రం చేసి ఇంకో ఫోటో పంపమని కూడా చెప్పాడు.

బుధవారం ప్రార్థన అయ్యాక పెద్దమ్మ ఆ నాణేన్ని కొంగున ముడి వేసుకుని మా ఇంటికి వచ్చింది. ఇక్కడ మా తప్పు మొదలైంది. ఆ మనిషి మాటను మేము కూడా నమ్మాం. మా వంటింట్లో, మా చేతులతోనే, చింతపండు, ఉప్పు పెట్టి ఆ నాణేన్ని తోమాం. పూజలేని ఇంట్లో కూడా రాగి చెంబు తళతళలాడాలి కదా మనకు! అది కొత్త దానిలా ఎర్రగా మెరిసింది. అంతటితో ఊరుకున్నామా? ఆదివారం సాక్ష్యాల సమయంలో, దేవుడు ఈ తల్లికి ఆకాశపు వాకిళ్ళు తెరిచాడని అందరి ముందు చెప్పాం. మనవడి కాలేజీ ఫీజు గురించి ఆమె ఎన్ని నెలలుగా ప్రార్థిస్తోందో మీకు తెలుసు. అందరూ స్తోత్రం అన్నారు.

సోమవారం ఉదయం తెలిసింది, రిజిస్ట్రేషన్ డబ్బు కోసం ఆమె చెవి కమ్మలు తాకట్టు పెట్టబోతోందని. ఆ కబురు తెచ్చింది మన సంఘపెద్ద ఒకరు. ఆయన పెద్దగా చదువుకోలేదు. ఒకే ఒక్క మాట అడిగారు: "అయ్యగారూ, ఇచ్చేవాడు ముందు మన దగ్గర అడుగుతాడా?"

మా దగ్గర జవాబు లేదు. పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, "రెండు రోజులు ఆగమ్మా, తెలిసినవాళ్ళను అడిగి వస్తాం" అని చెప్పాం. మర్నాడు మేమిద్దరం ఉప్పల్‌లో బస్సు దిగి, మెట్రో ఎక్కి తార్నాకలో దిగాం. మన సంఘం పిల్లవాడు ఒకడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నాడు. స్టేషను దగ్గర అతడు కలిసి మమ్మల్ని క్యాంపస్‌లోకి తీసుకువెళ్ళాడు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు తార్నాకలోనే ఉంటారు, రోజూ క్యాంపస్‌కు నడకకు వస్తారు. ఆర్ట్స్ కాలేజీ ఎదుట చెట్టు కింద ఆయనను కలిశాం.

నాణెం చేతిలో పెట్టి మేము మొదట అడిగింది, "ఎంత వస్తుంది సార్?" అని. ఆయన మొదట అడిగింది, "ఎక్కడి నుంచి వచ్చింది?" అని. ఈ రెండు ప్రశ్నల తేడా ఇంటికి వచ్చేదాకా మమ్మల్ని వదల్లేదు.

ఆయన నాణేన్ని అంచులు పట్టుకుని చూశారు. ముఖం చిన్నబోయింది. "ఎవరు తోమారు?" అన్నారు. మేమేనని ఒప్పుకున్నాం. "రాగి మీద ఏళ్ళ తరబడి పేరుకున్న పొర మురికి కాదండీ. అది దాని చరిత్ర. దాన్ని గీకేస్తే మెరుపు వస్తుంది, విలువ పోతుంది" అన్నారు. మాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు.

తర్వాత భూతద్దం తీసి ఒక్కొక్కటే చూపించారు. ఒక వైపు ఈస్టిండియా కంపెనీ చిహ్నం, 1808 సంవత్సరం. ఇంగ్లండు రాజు, పార్లమెంటు అండతో అని అర్థం వచ్చే లాటిన్ మాటలు. రెండో వైపు ఫారసీ లిపి. ఇరవై కాసులు నాలుగు ఫలూసులకు సమానమని దాని అర్థం. దాని కింద ఇంగ్లీషులో ఇరవై క్యాష్ అని ఉంది. తార్నాకలో ఒక బంగారు కొట్టుకు వెళ్ళి తూకం వేయించాం. తొమ్మిది గ్రాములు దాటింది. ఈ నాణెం అంతే తూగాలి, వెడల్పు మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ ఉండాలని మాస్టారు చెప్పారు. పోతపోసిన నకిలీలు చాలాసార్లు తూకం దగ్గరే దొరికిపోతాయట.

ఇంకో సంగతి చెప్పి మమ్మల్ని ఆశ్చర్యపరిచారు. ఇది మద్రాసు రాజధాని కోసం వేసిన నాణెం. అప్పటికి మన కోస్తా జిల్లాలు, రాయలసీమ ఆ రాజధానిలోనే ఉన్నాయి. 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. ఇరవై కాసుల రాగి నాణేన్ని మన తెలుగువాళ్ళు డబ్బు అనేవాళ్ళు. మనం రోజూ పలికే డబ్బు అనే మాటకు అర్థం మొదట ఈ రాగిబిళ్ళే!

"దీనితోపాటు కాగితం ఏమైనా వచ్చిందా?" అని మాస్టారు అడిగారు. పెద్దమ్మ మనవడికి ఫోను చేశాం. వాడు చెక్కపెట్టె వెదికాడు. అడుగున పరిచిన గుడ్డ కింద ఇంగ్లీషులో అచ్చువేసిన చిన్న అట్టముక్క ఒకటి దొరికింది. ఫోటో పంపాడు. దాని మీద ఒక ఓడ పేరు ఉంది: అడ్మిరల్ గార్డ్‌నర్.

ఆ ఓడ కథ మాస్టారికి తెలుసు. ఈ నాణేలను ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో, మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాల మీద వేశారు. వాటిని చెక్కపీపాల్లో నింపి మద్రాసుకు పంపేవారు. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ టన్నుల కొద్దీ రాగి నాణేలతో బయలుదేరింది. ఇంగ్లండు తీరం దాటకముందే, కెంట్ తీరానికి ఎదురుగా ఉన్న గుడ్‌విన్ ఇసుకదిబ్బల మీద, తుఫానులో పగిలిపోయింది. ఆ డబ్బు మన నేలకు చేరనే లేదు. దాదాపు 175 ఏళ్ళు ఇసుకలో ఉండిపోయింది. 1980లలో డైవర్లు దిగి పది లక్షలకు పైగా నాణేలు పైకి తీశారు. అవి ఇలాంటి అట్టలతో లోకమంతటా అమ్ముడయ్యాయి. ఇప్పుడు ఆ ఓడ మునిగిన చోటు బ్రిటన్ చట్టం ప్రకారం రక్షిత స్థలం.

"అట్టముక్క ఉన్నంత మాత్రాన నిజమని కూడా చెప్పలేం. ఒకదాని అట్ట ఇంకోదానికి పెట్టి అమ్మేవాళ్ళు ఉంటారు. అదే ఏడాది వేసిన నాణేలు వేరే ఓడల్లో క్షేమంగా వచ్చి ఇక్కడ చేతులు మారాయి కూడా" అన్నారు మాస్టారు. చేతులు మారిన నాణెం ఉబ్బుగా ఉన్న చోట్ల అరిగిపోతుంది. సముద్రంలో పడ్డదానికి అరుగుదల ఉండదు, ఉప్పునీరు తిన్న సన్నని గుంటలు ఉంటాయి. పీపా లోపలి వరుసల్లో గట్టిగా ఇరుక్కున్నవైతే కొత్తవాటిలాగే దొరికాయి. మన నాణెంలో సింహాల జూలు ఇంకా అరగలేదు. అంచు దగ్గర చింతపండు కూడా పోగొట్టలేని సన్నని గుంటలు కనిపించాయి. సముద్రపు గుర్తులు అవి. అట్టముక్క, గుంటలు, తూకం, మూడూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి నమ్మవచ్చన్నారు.

అప్పుడు ధర చెప్పారు. పది లక్షలకు పైగా దొరికిన వస్తువు అరుదైనది కాదు. బాగుంటే రెండు మూడు వేలు రావచ్చు. తోమిన తర్వాత అంతకూడా రాకపోవచ్చు.

ఇంకా రెండు మాటలు చెప్పారు, మీకందరికీ పనికొస్తాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇలాంటి వస్తువును అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. కాబట్టి విదేశీ కొనుగోలుదారు అనే మాటే అనుమానించవలసిన మాట. పాత నాణేలు, నోట్ల పేరుతో రుసుములు అడిగేవాళ్ళను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. పొలం దున్నుతుంటే పాత నిధి ఏదైనా బయటపడితే దాచుకోకుండా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నుండి చట్టం ఉంది.

తిరుగు ప్రయాణంలో మేము పెద్దగా మాట్లాడుకోలేదు. బస్సులో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తెరిచాం. పౌలు ఎక్కిన ఓడ మునిగిన కథ మీకు తెలిసిందే. ఎన్నోసార్లు ప్రసంగించిన ఆ అధ్యాయంలో రెండు వచనాలు ఆ రోజు మమ్మల్ని పట్టుకున్నాయి. 11వ వచనంలో, శతాధిపతి పౌలు మాటను పక్కన పెట్టి ఓడ నడిపేవాడినీ ఓడ యజమానినీ నమ్మాడు. 13వ వచనంలో దక్షిణపు గాలి మెల్లగా వీచింది, అనుకున్నది నెరవేరిందనుకుని వాళ్ళు లంగరు ఎత్తారు. పెనుగాలి ఆ తర్వాత వచ్చింది.

ప్రియులారా, మేమూ అదే చేశాం. ఫోనులో మెత్తగా మాట్లాడిన గొంతును దేవుని జవాబు అనుకున్నాం. అనుకూలంగా వీచే ప్రతి గాలీ దేవుని గాలి కాదు. పరీక్షించకముందే దానికి సాక్ష్యమని పేరు పెట్టి, బలిపీఠం దగ్గర నిలబడి చెప్పాం. ఒక విధవరాలి కమ్మలు దాదాపు పోయేవి, అది మా నోటి మాట వల్ల. హెచ్చరిక మాత్రం చదువు లేని పెద్దాయన నోట వచ్చింది.

ఆ రాత్రే పెద్దమ్మ ఇంటికి వెళ్ళాం. ఎనిమిది లక్షలు లేవని, రెండు మూడు వేలు కూడా మా చింతపండు వల్ల తగ్గాయని, ఆదివారం చెప్పింది మా తొందరపాటని చెప్పి క్షమించమని అడిగాం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. కళ్ళు తుడుచుకుంది. ఎనిమిది లక్షల కల పోవడం చిన్న సంగతి కాదు. తర్వాత చెవులు తడిమి చూసుకుని అంది: "కమ్మలు పోకముందే వచ్చి చెప్పారు కదా అయ్యగారూ. మా ఆయన చేయించినవి ఇవి. ఆ బిళ్ళ ఆయన కొన్నదే కానీ, ఇవి ఆయన రెక్కల కష్టం."

అప్పుడు అర్థమైంది మాకు, ఆ ఇంట్లో విలువైనది ఏదో. 27వ అధ్యాయంలో సామగ్రి పోయింది, గోధుమలు సముద్రంలో పోశారు, చివరికి ఓడా ముక్కలైంది. 276 మంది మాత్రం ఒక్కరూ పోకుండా ఒడ్డుకు చేరారు, కొందరు ఆ పగిలిన ఓడ చెక్కల మీదే. దేవుని లెక్క సరుకుతో మొదలవదు.

నాణెం అమ్మవద్దని పెద్దమ్మే చెప్పింది. అట్టముక్కతో కలిపి పెట్టెలో పెట్టి సండేస్కూలుకు ఇచ్చింది. పౌలు ఓడ కథ చెప్పేటప్పుడు పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు. వాళ్ళకు మేము ముందే చెబుతున్నాం: అంచులు పట్టుకోండి, తోమకండి. మనవడి ఫీజు ఇంకా కట్టాలి. గత ఆదివారం మేము సంఘం ముందు మా తప్పు ఒప్పుకున్న తర్వాత కొందరు చందా మొదలుపెట్టారు. మీలో ఎవరికైనా ప్రేరేపణ కలిగితే సంఘపెద్దల దగ్గర ఇవ్వండి, మా చేతికి కాదు.

మీ ఇంట్లో కూడా ఏదో పాత వస్తువు ఉండవచ్చు. ఎంత వస్తుందని అడిగే ముందు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ముందు డబ్బు అడిగేవాడికి రూపాయి పంపకండి. మంచి వార్త అనిపించినది ఏదైనా సరే, సాక్ష్యమని చెప్పే ముందు ఒక పెద్దవారితో, ఒక తెలిసినవారితో, ప్రార్థనలో ప్రభువుతో సరిచూసుకోండి. ఈ మాట మీకంటే ముందు మాకే చెప్పుకుంటున్నాం.

ప్రభువా, మెత్తని గాలి వీచినప్పుడు తొందరపడి లంగరు ఎత్తకుండా మమ్మల్ని ఆపు. చిన్నవారి నోట నీ హెచ్చరిక వచ్చినప్పుడు వినే చెవి ఇవ్వు. మా మాట వల్ల ఎవరూ నష్టపోకుండా మా పెదవులకు కావలి ఉంచు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.