గిటార్ మెడకు ఏ పూత?

1950లలో ఫెండర్ గిటార్ల మేపుల్ మెడలకు నైట్రోసెల్యులోజ్ లాకర్ పూసేవారు. పలుచగా, చేతికి హాయిగా ఉండేది. కానీ ఏళ్ల తరబడి వాయించేసరికి పూత అరిగి, చెక్కకు చెమటా మురికీ పట్టి నల్లబడేది. ఇప్పుడు ఆ మచ్చలంటేనే మోజు. కొత్త గిటార్‌ని పనిగట్టుకుని అరగదీసి, ఎక్కువ ధరకు అమ్ముతున్నారు మరి!

1960ల చివర్లో ఫెండర్ పాలియురేథేన్ వైపు మళ్లింది. ఓ పట్టాన అరగదది. మెరుపు పూతైతే మాత్రం చెమట చెయ్యి అతుక్కుంటుంది. అందుకే చాలామంది మెడ వెనక సన్నటి స్టీల్ ఊల్‌తో రుద్ది ఆ మెరుపు తీసేస్తారు.

మ్యూజిక్ మ్యాన్ కంపెనీది వేరే దారి: తుపాకుల చెక్కకు రాసే నూనె, పైన మైనం. పట్టుకుంటే ఉత్త చెక్కలాగే ఉంటుంది. కాకపోతే అప్పుడప్పుడూ తుడిచి, మళ్లీ రాసుకోవాలి.

అంత ఓపిక లేనివాళ్లకు మెరుపు తక్కువుండే శాటిన్ పాలియురేథేనే నయం.