చక్రానికి జ్ఞాపకం ఉండదు

సంపాదకులు గారు రెండు నెలలుగా అడుగుతున్నారు: "డాక్టరుగారూ, మన పత్రికకు ఏదైనా ఆరోగ్య విషయం రాయండి. షుగరో, బి.పి.యో, మనవాళ్ళకు పనికొచ్చేది." షుగర్ గురించి నాకంటె బాగా చెప్పగలవారు మన సమాజంలో చాలామంది ఉన్నారు, వైద్యులుగానూ, రోగులుగానూ. అందుచేత నాకు స్వయంగా తగిలిన జబ్బు గురించి రాస్తాను. అది జూదం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో దీన్ని మొదటిసారిగా తమ వ్యాధుల పట్టికలో చేర్చింది. 2013లో తాగుడు, మత్తుమందులు ఉన్న అధ్యాయంలోకి మార్చింది. కనుక సంపాదకులు గారు అడిగిన దానికి నేను దూరం పోవడం లేదు.

నేను గుంటూరులో ఎం.బి.బి.ఎస్. చదివాను. ఇక్కడ రోగులను చూడను. సైన్స్ పార్క్‌లో, కొత్త మందులను పరీక్షించే ఒక సంస్థలో ఉద్యోగం. ఏ మందు వల్ల ఎవరికి ఏ కీడు జరిగిందో నివేదికలు చదివి, అది మందు వల్ల జరిగిందా, కాకతాళీయమా అని తేల్చడం నా పని. పార్కిన్సన్ జబ్బుకు వాడే ప్రమిపెక్సోల్ వంటి మందులు కొందరిలో జూదపు యావ రేపుతాయి. మందుతో పాటు వచ్చే కాగితంలోనే ఆ హెచ్చరిక ఉంటుంది. నేను అలాంటి మందేదీ వేసుకోలేదు. ఆ సాకు కూడా నాకు లేదు.

సైన్స్ పార్క్ తెలియనివారికి ఒక మాట. ఇది 1980లో ప్రభుత్వం మొదలుపెట్టిన పరిశోధనా కేంద్రాల పేట. కెంట్ రిడ్జ్ కొండ పక్కన, విశ్వవిద్యాలయానికి దగ్గరలో ఉంది. చెట్లు బాగా ఉంటాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గర మన భాష వినిపిస్తుంది. అక్కడే ఒక మిత్రుడు నాకు తన నోటుబుక్కు చూపించాడు. లెక్కలు బాగా వచ్చినవాడు, నెమ్మదస్తుడు. నోటుబుక్కు నిండా తేదీలు, ప్రతి తేదీ ఎదుట ఒక అంకె: 100, 100, 75, 100. "డాక్టరుగారూ, ఇది జూదం కాదండీ, పద్ధతి," అన్నాడు.

ఈ దేశంలో రెండు కాసినోలున్నాయి. సెంటోసాలోది 2010 ఫిబ్రవరిలోనూ, మెరీనా బేలోది అదే సంవత్సరం ఏప్రిల్‌లోనూ తెరిచారు. సొంత జనం పాడైపోకూడదని పౌరులకూ, శాశ్వత నివాసులకూ ప్రవేశ రుసుం పెట్టారు. మొదట రోజుకు 100 డాలర్లు, 2019 ఏప్రిల్ నుంచి 150. మాబోటి ఉద్యోగపు పాసు వాళ్ళకు రుసుం లేదు. పాస్‌పోర్టు చూపించి లోపలికి పోవచ్చు. "మనకు ఊరికే గదా" అన్న మాట దగ్గరే నా కథ మొదలైంది. కెంట్ రిడ్జ్ స్టేషన్‌లో రైలెక్కితే ఐదో స్టేషన్ హార్బర్‌ఫ్రంట్. అక్కడినుంచి చూస్తే ఎదురుగా సెంటోసాయే. మేము వెళ్ళింది ఈ రెంటిలో దేనికో చెప్పను. లెక్క రెండుచోట్లా ఒకటే.

ఆట తెలియనివారికి చెబుతాను. రూలెట్ చక్రంలో 37 గళ్ళుంటాయి. ఒకటి నుంచి 36 వరకు అంకెలు, సగం ఎరుపు, సగం నలుపు. ముప్ఫై ఏడోది సున్నా, అది ఆకుపచ్చ. చక్రం తిప్పి, గోళీ విసురుతారు. నలుపు మీద 25 పెడితే, నలుపు పడితే ఇంకో 25 ఇస్తారు. ఎరుపు పడినా, సున్నా పడినా మన 25 పోతాయి. ఒకే అంకె మీద పెట్టి గెలిస్తే ఒకటికి 35 ఇస్తారు. గళ్ళు 37 గనుక న్యాయంగా 36 ఇవ్వాలి. ఆ ఒక్క సున్నాయే ఆడించేవాడి జీతం. నూటికి 2 డాలర్ల 70 సెంట్లు. అమెరికా వాళ్ళ చక్రంలో రెండు సున్నాలుంటాయి, అక్కడ నూటికి 5 డాలర్ల 26 సెంట్లు.

మిత్రుడి పద్ధతి చాలా పాతది. దాన్ని మార్టింగేల్ అంటారు. నలుపు మీద 25 పెట్టు. పోతే 50 పెట్టు. పోతే 100. అలా రెట్టిస్తూ పో. ఎప్పుడు గెలిచినా పోయినదంతా తిరిగి వచ్చి, పైన 25 మిగులుతుంది. ఎప్పుడో ఒకప్పుడు నలుపు పడక తప్పదు గదా! ఏడు మెట్ల వరకు పోవడానికి కావలసిన పెట్టుబడి 3,175 డాలర్లు. నా దగ్గర సరిగ్గా ఆ పాటి డబ్బు ఒకచోట ఉంది. మా నాన్నగారి మోకాలు మార్పిడికని దాచినది. "దీన్ని ఖర్చు పెట్టను, తోడుగా జేబులో ఉంచుకుంటాను, అంతే," అని నాకు నేను చెప్పుకున్నాను.

శుక్రవారం సాయంత్రాలు వెళ్ళేవాణ్ణి. నాలుగు విడతలు గెలిచి, 100 డాలర్లు రాగానే లేచి వచ్చేసేవాణ్ణి. పన్నెండు శుక్రవారాలు అలాగే జరిగింది. 1,200 డాలర్లు. మా ఆవిడకు ఒక సన్న గొలుసు కొన్నాను. ఎక్కడిదంటే ఆఫీసులో బోనస్ ఇచ్చారన్నాను. ఆలోచించి చూస్తే, నేను ఓడిపోవడం మొదలైంది ఆ మాటతోనే.

పదమూడో శుక్రవారం మొదటి విడతలోనే ఎరుపు, ఎరుపు, ఎరుపు, సున్నా, ఎరుపు. పక్కనున్న పెద్దాయన నా వంక జాలిగా చూశాడు. 800 పెట్టాను. ఎరుపు. 1,600 పెట్టేటప్పుడు నాకు భయం వేయలేదని చెబితే ఇప్పుడు ఎవరూ నమ్మరు. ఇన్నిసార్లు ఎరుపు పడ్డాక నలుపు ఇక బాకీ ఉందని నాకు గట్టి నమ్మకం. ఎరుపే పడింది. ఎనిమిదో పందెం 3,200. ఆ బల్ల మీద అంత పెట్టనివ్వరు, నా జేబులోనూ లేదు. అంతా కలిపి ఇరవై నిమిషాలు పట్టలేదు. మన రూపాయల్లో రెండు లక్షలకు దగ్గర.

సోమవారం ఆఫీసులో కాగితం తీసుకుని, ముందు వేయవలసిన లెక్క అప్పుడు వేశాను. ఒక చుట్టులో ఓడిపోయే అవకాశం 37కు 19. వరసగా ఏడుసార్లు ఓడిపోవడం సుమారు 106 విడతలకు ఒకసారి జరుగుతుంది. మిగిలిన 105 విడతల్లో వచ్చేది 105 పాతికలు, అంటే 2,625. ఆ ఒక్క విడతలో పోయేది 3,175. ఇక చెప్పేదేముంది? పన్నెండు శుక్రవారాల్లో నేనాడిన 48 విడతలూ సాఫీగా జరిగిపోయే అవకాశం నూటికి 63 పాళ్ళు. నేను ప్రతిభ అనుకున్నది చాలా మామూలు విషయం. రెట్టించడం వల్ల ఆడించేవాడి వాటా ఒక్క పైసా కూడా తగ్గదు. చిన్న చిన్న గెలుపులు ముందుకు వచ్చి, నష్టమంతా ఒకచోట ముద్దగా చేరుతుంది. మనల్ని మోసగించేది ఆ ఏర్పాటే. రోజూ కొద్దికొద్దిగా పోతే ఎవడైనా మానేస్తాడు.

ఈ "బాకీ" సంగతి నాకు మరీ సిగ్గనిపించింది. ఎందుకంటే అది నా వృత్తి. మందుల పరీక్షలో ఎవరికి మందు, ఎవరికి ఉత్త మాత్ర అన్నది చీట్లు వేసినట్లు నిర్ణయిస్తాం. రెండువైపులా సంఖ్య సమంగా ఉండాలని తరచు నలుగురేసి మందిని ఒక కట్టగా కడతాం. ప్రతి కట్టలో ఇద్దరికి మందు, ఇద్దరికి ఉత్త మాత్ర. మొదటి ఇద్దరికీ మందు పడితే తర్వాతి ఇద్దరికీ ఉత్త మాత్ర పడి తీరాలి. అక్కడ బాకీ నిజంగా ఉంది. దాన్ని కనిపెట్టి ఎవరూ తమకు కావలసిన రోగిని కావలసిన చోట చేర్చకుండా, కట్టలో ఎందరో డాక్టర్లకు చెప్పం. చక్రానికి అలాంటి కట్టలు లేవు, పట్టిక లేదు. ఇంతకుముందు ఏది పడిందో గోళీకి తెలియదు. 1913 ఆగస్టు 18న మాంటే కార్లో కాసినోలో వరసగా 26సార్లు నలుపు పడింది. 37 గళ్ళ చక్రం మీద 26 చుట్లు ఆడితే అలా జరగడం పదమూడు కోట్ల పైచిలుకులో ఒకసారి. జనం ఎరుపు బాకీ ఉందని ఎగబడి పెట్టి పోగొట్టుకున్నారు. అయినా ఇరవై ఏడోసారి కూడా నలుపు అవకాశం 37కు 18, ఎప్పటిలాగే.

ఈ పొరపాటు చేసినవాళ్ళలో నాకంటె చాలా గొప్పవాళ్ళున్నారు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే అవకాశం మూడింట రెండు అని ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు దాలంబేర్ 1754లో రాశాడు. నాలుగింట మూడు అన్నది సరైన జవాబు. ఆయన పేరుతోనే ఒక పందెపు పద్ధతి ఉంది: ఓడితే ఒకటి పెంచు, గెలిస్తే ఒకటి తగ్గించు. లాబూషేర్ పద్ధతి, ఫిబొనాచి పద్ధతి, ఇలా ఎన్నో. అన్నింటికీ జవాబు ఒక్కటే: మొత్తం ఎంత పందెం కాశావో, సగటున అందులో ముప్ఫై ఏడో వంతు పోతుంది. రూలెట్‌ను నిజంగా ఎదిరించినవాళ్ళు పందెం లెక్కను పట్టుకోలేదు, గోళీని పట్టుకున్నారు. 1961లో ఎడ్వర్డ్ థార్ప్, క్లాడ్ షానన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గోళీ వేగాన్ని కొలిచి అది ఎక్కడ పడుతుందో చెప్పే చిన్న కంప్యూటరు తయారుచేశారు. ఇప్పుడు అలాంటిది పట్టుకుపోతే జైలు.

నా చిన్నప్పుడు మావైపు తిరునాళ్ళలో గుండాట ఉండేది. ఆరు బొమ్మలున్న గుడ్డ పరిచి, డబ్బాలో మూడు పాచికలు గిలకొట్టేవాడు. మన బొమ్మ ఒక పాచిక మీద పడితే రూపాయికి రూపాయి, రెండింటి మీద పడితే రెండు, మూడింటి మీద పడితే మూడు. ఆరు బొమ్మలు, మూడు పాచికలు గనుక సగానికి సగం అవకాశం అనుకునేవాళ్ళం. లెక్కవేస్తే మన బొమ్మ పడేది 216కు 91సార్లే. నూటికి దాదాపు 8 రూపాయలు డబ్బావాడివి. తిరునాళ్ళ డబ్బులన్నీ అక్కడ పోగొట్టి ఏడుస్తుంటే మా నాన్నగారు, "వాడు కొట్టు పెట్టుకున్నాడురా, దానం చేయడానికి రాలేదు," అన్నారు. ఇంతకంటె క్లుప్తంగా ఈ శాస్త్రాన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇక్కడ మనవాళ్ళు కారు నంబరు మీద, మనవడి పుట్టినరోజు మీద కొనే ఫోర్-డి సంగతి కూడా చెప్పాలి. పదివేల నంబర్లలో 23 నంబర్లకు బహుమతులు. 'బిగ్' పందెం డాలరుకు అన్ని బహుమతులూ కూడితే 6,590. అంటే పదివేలు పోగుచేసి 6,590 తిరిగి ఇస్తారు. నూటికి 34 కోత! మరి 2.70 కోత ఉన్న రూలెట్ అంతకంటె మంచిదా అంటే, ఫోర్-డి వారానికి మూడు రోజులు తీస్తారు, చక్రం గంటకు ముప్ఫై నలభైసార్లు తిరుగుతుంది. కోత చిన్నదే, కత్తి ఆగదు.

ధర్మరాజు కథ మనందరికీ తెలుసు. పోయినదాన్ని రాబట్టాలని పందెం పెంచుకుంటూ పోయి తమ్ముళ్ళను, తనను, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. తప్పంతా శకుని పాచికలదని మనం చెప్పుకుంటాం. ఆ బల్ల దగ్గర నాకు శకుని ఎక్కడా కనిపించలేదు. చక్రం నిజాయితీగానే తిరిగింది. పందెం పెంచేవాడుంటే శకునితో పని లేదు.

మిత్రుణ్ణి అడిగాను. మొదట "మీకు క్రమశిక్షణ లేదు" అన్నాడు. తర్వాత ఒకరోజు కెంట్ రిడ్జ్ కొండ మీద నడుస్తూ, తాను అప్పటికి రెండుసార్లు మొత్తం పోగొట్టుకున్నానని చెప్పాడు. నోటుబుక్కులో గెలిచిన రోజులే రాసుకున్నాడు. పనిచేయని మందు పరీక్షలు బీరువాలో ఉండిపోయి, పనిచేసినవే పత్రికల్లోకి వస్తాయని మేము ఆఫీసులో రోజూ విసుక్కునే సంగతే ఇది.

నాన్నగారి ఆపరేషన్ ఆ నెలలో జరగవలసింది. "ఆ సర్జన్ సెలవులో ఉన్నాడట, కొన్నాళ్ళు ఆగుదాం," అని ఫోనులో చెప్పాను. "సరేలే, నువ్వు డాక్టరువి, నీకు తెలుసు," అన్నారు. ఆ మాట తర్వాత నాకు సరిగా నిద్ర లేదు. ఆయన మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటారని అమ్మ చెప్పినప్పుడల్లా నాకు ఆ ఏడో చుట్టు గుర్తొచ్చేది. అంతకంటె ఘోరం, మరో మూడు వేలు ఎక్కడైనా దొరికితే ఈసారి రాబట్టవచ్చునన్న ఆలోచన కూడా వచ్చేది. దానితో నాకు జబ్బు ఖాయమైందని తెలిసింది. నివేదికల్లో వందసార్లు చదివిన లక్షణమే అది.

ఒక రాత్రి మా ఆవిడకు చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. మెడలో గొలుసు తీసి బల్ల మీద పెట్టి, "ముందు మీ నాన్నగారికి చెప్పండి," అంది. చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "ఎంత పోయింది?" అన్నారు. చెప్పాను. "ఇంకా వెళ్తున్నావా?" అన్నారు. లేదన్నాను. "అయితే మోకాలు ఎప్పుడు?" అన్నారు. నాలుగు నెలలకు చేయించాం. ఇప్పుడు గోడ పట్టుకోకుండా దిగుతున్నారు.

ఈ దేశంలో జూదపు సమస్యల జాతీయ మండలి ఉంది. అక్కడ దరఖాస్తు పెట్టుకుంటే కాసినోలోకి మనల్ని రానివ్వరు. మనమే పెట్టుకోవచ్చు, ఇంట్లోవాళ్ళు కూడా మన మీద పెట్టవచ్చు. నేను పెట్టుకున్నాను. అవసరమున్నవారు 1800-6-668-668కు ఫోను చేయవచ్చు. సిగ్గుపడి ఫోను చేయలేనివారు నన్ను సమాజం సమావేశంలో పక్కకు పిలవండి. ఏ పద్ధతి చెప్పినా వింటాను, లెక్క వేసి చూపిస్తాను. కాగితం, పెన్సిలు నా దగ్గరే ఉంటాయి.

షుగర్ గురించి వచ్చే సంచికలో రాస్తానని సంపాదకులు గారికి మనవి.