రేవులో తెగిన మోకు

నరసాపురంలో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి రేవు. ఒక వర్షాకాలం సాయంత్రం కుటుంబ కూడికకు వెళ్తూ మేము పంటు దిగగానే జీపు ఒండ్రులో ఇరుసు దాకా దిగబడింది. గట్టుమీది ట్రాక్టరు వారు దయతో వచ్చి, గడ్డి కట్టే పాత మోకు తగిలించి లాగారు. మోకు ఫట్టున తెగి మా సంఘపు యౌవనస్థుని చెవి ప్రక్కగా దూసుకుపోయింది. జానెడు ఇటు వచ్చి ఉంటే వాళ్ల అమ్మగారికి మేమేమని చెప్పేవారము?

ప్రియ పాఠకులారా, రెండు టన్నుల బండిని లాగడానికి రెండు టన్నుల తాడు చాలదు. బురద పట్టు కూడా దానికి తోడవుతుంది. తెగే బలం బండి నిండు బరువుకు రెండు మూడు రెట్లున్న నైలాన్ పట్టీ కొనండి. ఆ అంకె ముద్రించి లేకపోతే ఎంత చవకైనా వద్దు. షాకిల్ మీద కూడా టన్నులు చూడండి. బంపరుకు ఎన్నడూ కట్టవద్దు, ఛాసిస్ కొక్కేనికే కట్టాలి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద మునిగిన బోటును కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న ఒడ్డుకు చేర్చింది. అంత అనుభవమున్నవారు లాగుతున్నప్పుడే ఇనుప తాడు కూడా ఒకసారి తెగింది! అందుకే లాగేటప్పుడు తాడు మధ్యలో బరువైన తడి గోనె వేయాలి, పిల్లలను తాడు పొడవుకు మించి దూరంగా నిలపాలి.

ఆ సాయంత్రం చివరకు పారతో చక్రాల ముందు ఒండ్రు తీసి, కొబ్బరి మట్టలు పరచి బయటపడ్డాము. అది ముందే చేయవలసింది. కూడికకు రెండు గంటలు ఆలస్యమైంది.